చింపని కవరులో ఫిబ్రవరి

గోర్డన్ పిక్‌వర్త్ పొద్దున లేవగానే టీ పెట్టుకుని, రొట్టె ముక్కలు రెండు కాల్చుకుని, కప్పు పట్టుకుని హాల్లో అల్మారా ముందు నిలబడతాడు. ఆ రోజుకి ఏ నెల తెరవాలా అని ఆలోచిస్తాడు. అల్మారా నిండా ఎయిర్‌గన్ వేట పత్రికలే. ముప్పయ్యేళ్ల పైచిలుకు సంచికలు, ఒక్క నెల కూడా తప్పకుండా, వీపులు బయటికి కనబడేలా వరసగా పేర్చి ఉంటాయి.

పేజీ తెరిస్తే వాతావరణం వస్తుంది. ఆ వ్యాసం రాసినాయన ఏ ఎండలో కంచె వెనక బోర్లా పడుకుని కుందేలు కోసం చూశాడో ఆ ఎండ గదిలో పడుతుంది. అడవి పావురాల కోసం వానలో నానుతూ కూర్చుని ఉంటే ఆ వానే పడుతుంది. థార్ప్‌బెక్ ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. పెగ్ నడిపే పేపరు దుకాణంలో, కొనకుండా తిరగేసి పెట్టేసే మహానుభావుల వల్ల నేలంతా తడిసేది. "చదవాలంటే కొనుక్కో, తడవాలంటే బయట నిలబడు" అని ఆవిడ గోడమీద రాసి అంటించింది.

ఒక్క చిక్కు ఉండేది. అచ్చుపని అంటే మాటలా! జనవరిలో వేటాడి రాసింది ఏప్రిల్ సంచికలో పడేది. ఇది తెలియక గోర్డన్ పక్కింటావిడ ఓసారి దుప్పట్లు ఆరేసుకుందామని జూలై సంచిక పట్టుకెళ్లి ఏప్రిల్ జల్లులో ఇల్లంతా తడుపుకుంది. అప్పట్నుంచి ఊరంతా వేళ్లమీద మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టుకోవడం నేర్చుకున్నారు. బడిపిల్లల క్రిస్మస్ నాటకానికి మంచు కావాలంటే టీచరమ్మ మార్చి సంచిక అడిగి పట్టుకెళ్లేది.

నాలుగేళ్ల కిందట పత్రిక ఆగిపోయింది. అంతా ఫోనులోకి వెళ్లిపోయింది. గోర్డన్ కూతురు ఒక ఫోను కొనిచ్చి పాత సంచికలన్నీ అందులో ఎక్కించింది కూడా. బొమ్మలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే కుందేలు మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. గోర్డన్ ఒక నవంబరు పేజీ తీసి ఫోనుని చెవి దగ్గర పెట్టి చూశాడు, తలకిందులు చేసి ఊపాడు. ఒక్క చినుకు రాలలేదు. దాన్ని సొరుగులో పడేసి, తనకి పెద్దగా నచ్చని ఒక తుఫాను సంచిక తెరుచుకుని దాని ముందు కూర్చున్నాడు. ఆ రోజు ఆయనకి కళ్లనీళ్లు వచ్చాయి. ఎవరైనా అడిగితే గాలి అని చెప్పేవాడు.

కొత్త సంచికలు రావు. ఉన్నవి తెరిచిన కొద్దీ పలచబడతాయి. చివరికి ఉత్త కాగితం మిగులుతుంది. అందుకని గోర్డన్ పొదుపుగా వాడుకునేవాడు.

అలాంటి రోజుల్లో, డిసెంబరు మొదట్లో, ఐరిస్ వచ్చి తలుపు కొట్టింది. ఐరిస్ మర్విన్ బ్లాండ్ భార్య. ఆ ఇంటి మనిషి ఈ గుమ్మం తొక్కి పదకొండేళ్లయింది.

"లోపలికి రాను," అంది. "మర్విన్‌కి ఊపిరితిత్తులు పోయాయి. ఆక్సిజన్ పెట్టారు. చల్లగాలి మొహానికి తగిలితే కాస్త తెరిపిగా ఉంటుందని నర్సు అంటోంది. ఈ ఏడు చలి ఎక్కడ చచ్చింది? నీ దగ్గర గడ్డకట్టే చలి ఏమన్నా మిగిలిందా?"

"మీ సంచికలు?"

"తుపాకీ అమ్మేసినప్పుడే అన్నీ చెత్తబండికి ఎత్తేశాడు. ఎందుకు ఎత్తేశాడో నీకు తెలియదా ఏం?"

గోర్డన్‌కి తెలుసు. తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

మర్విన్, గోర్డన్ ఇరవై ఏళ్ల వయసు నుంచి జంటగా వేటకి వెళ్లేవాళ్లు. హాల్‌గార్త్ పొలంలో కుందేళ్లు కొట్టుకోవడానికి రైతు ఎథరింగ్టన్ ఇద్దరికీ అనుమతి ఇచ్చాడు. మా వైపు వేటగాడికి అనుమతే ఆస్తి. అది పోతే మనిషి పోయినట్టే. పదకొండేళ్ల కిందట ఒక ఫిబ్రవరి శనివారం, కళ్లు పొడుచుకున్నా కనబడని పొగమంచులో, గోర్డన్ బూడిదరంగు నీడ ఒకటి చూసి కుందేలనుకుని పేల్చాడు. అది చూడి గొర్రె. కన్ను పోయింది. స్పష్టంగా కనబడందే ట్రిగ్గర్ ముట్టకూడదని పత్రిక నెలనెలా మొత్తుకునేది. గోర్డన్ ఆ వాక్యం వేల సార్లు చదివాడు. మర్నాడు ఎథరింగ్టన్ మొహం ఎర్రగా చేసుకుని వచ్చి, "ఎవడ్రా ఆ పని చేసింది?" అని అడిగితే, గోర్డన్ నోట్లోంచి "మర్విన్. నేను చూశాను" అన్న మాట ఊడిపడింది. అంతే. మర్విన్ అనుమతి పోయింది. చుట్టుపక్కల ఏ పొలం వాడూ మళ్లీ గేటు తీయలేదు. మర్విన్ ఎవరితోనూ వాదించలేదు.

గోర్డన్ చేతిసంచిలో మూడు ఏప్రిల్ సంచికలు, రెండు మార్చి సంచికలు పెట్టుకుని ఐరిస్ వెనకాలే నడిచాడు.

మర్విన్ ముందు గదిలో మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. ముక్కుకి గొట్టం. ఒకప్పుడు గేట్లు దూకే మనిషి, కొక్కేనికి తగిలించిన కోటులా ఉన్నాడు. గోర్డన్ ఒక ఏప్రిల్ సంచిక తీసి వేట డైరీ పేజీ తెరిచి పట్టుకున్నాడు. జనవరి తెల్లవారుజాము చలి గదిలోకి వచ్చింది. దుప్పటి అంచు మీద తెల్లగా మంచు పేరింది. మర్విన్ కళ్లు మూసుకుని గాలి పీల్చాడు, మళ్లీ పీల్చాడు.

"నీ షెడ్డు వాసన కొడుతోందిరా ఈ జనవరి," అన్నాడు చివరికి.

"నోరు మూసుకుని పీల్చు."

నర్సు కోలెట్ మర్విన్ వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటర్ చూసి, "తొంభై రెండు! పెద్దాయనా, నిన్న ఎనభై ఐదు కదా," అంది. "ఎన్ని ఉన్నాయి ఇలాంటివి? రోజూ తీసుకురండి."

రోజూ తీసుకెళ్లాడు. మార్చి సంచికలు, ఏప్రిల్ సంచికలు, అక్కడక్కడా మే సంచికలు. రోజుకి ఒకటి చాలేది, తర్వాత రెండు, క్రిస్మస్ దాటేసరికి నాలుగు. ఇంట్లో అల్మారా నిండా సంచికలున్నా చలి ఉన్నవి కొన్నే. అవి తిరిగి వచ్చేటప్పటికి ఉత్త కాగితాలు. గోర్డన్ ముప్పయ్యేళ్ల చలికాలాలు ఒక్క మనిషి ఊపిరికి ఖర్చయిపోతున్నాయి. ఆయనకి బాధ కలగలేదు. ఇన్నాళ్లకి వాటిని దేనికి దాచాడో తెలిసినట్టుంది. ఇద్దరూ పాత కుక్కల గురించి, తడిసిన ఫ్లాస్కుల గురించి, గురి తప్పిన పావురాల గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ శనివారం దగ్గరికి వచ్చేసరికి మాట పక్కకి తిరిగిపోయేది.

ఒకరోజు మర్విన్ అడిగాడు. "ఆ ఏడాది మే సంచిక తేలేదేంరా?"

ఏ ఏడాదో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

"కనబడలేదు," అన్నాడు గోర్డన్.

మర్విన్ కాసేపు ఆయన్నే చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అది కనబడకపోవడమేం? అల్మారా అడుగు అరలో, పోస్టులో వచ్చిన ప్లాస్టిక్ కవరు చింపకుండా అలాగే ఉంది. అది వచ్చిన రోజున పెగ్ చెప్పింది, "పాఠకుల ఉత్తరాల్లో మర్విన్ రాసింది పడింది, ఆ పొగమంచు రోజు గురించేనట." అందులో తన పేరు ఉంటుందని, నిజం అచ్చయి ఉంటుందని గోర్డన్ దాన్ని అలాగే అడుగు అరలోకి తోసేశాడు. ఊళ్లో ఆ పత్రికలో ఉత్తరాలు చదివేది వాళ్లిద్దరే కాబట్టి ఇంకెవరూ అడగలేదు. ఆ కవరు చింపితే ఆ శనివారమే బయటికి వస్తుంది. కంటికి చెయ్యి కనబడని పొగమంచు ఒకసారి గదిలో నిండితే, "నేను చూశాను" అన్నవాడి మాట ఏమవుతుందో చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది.

ఫిబ్రవరి వచ్చింది. బయట వసంతంలో పూయాల్సిన డాఫొడిల్ పూలు తొందరపడి పూశాయి. చలి సంచికలన్నీ అయిపోయాయి. మధ్యాహ్నం కోలెట్ మీటరు చూసి వంటింట్లోకి వెళ్లింది. ఐరిస్‌తో, "ఇక రెండు రోజులు. అంతకంటే ఆశ పెట్టుకోకండి," అంటుంటే గోర్డన్‌కి వినబడింది.

మంచం మీద మర్విన్ ఒక్కో ఊపిరినీ తాడు పట్టి లాగుతున్నట్టు లాగుతున్నాడు.

గోర్డన్ ఇంటికి వెళ్లాడు. అడుగు అరలోంచి ఆ సంచిక తీసి, కుర్చీలో కూర్చుని, ఒళ్లో పెట్టుకున్నాడు. ఇది తీసుకెళ్లకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఎల్లుండికి తెలిసిన మనిషే ఉండడు. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. లేచి కోటు వేసుకున్నాడు.

మర్విన్ మంచం పక్కన నిలబడి కవరు చింపాడు. ఉత్తరాల పేజీ ఎక్కడుంటుందో చూడకుండానే చెప్పగలడు. తెరిచాడు.

పొగమంచు అలా ఇలా రాలేదు. పదకొండేళ్లు మూతపడి ఉన్నది ఒక్కసారిగా పొంగింది. ముందు మంచం కనబడకుండా పోయింది, తర్వాత కిటికీ, తర్వాత గోర్డన్‌కి తన చేతులే కనబడలేదు. గదిలో తడి ఉన్ని వాసన, గొర్రెల వాసన. ఎక్కడో మర్విన్ ఊపిరి లోపలికి వెళ్లింది, పొడుగ్గా, అడ్డం లేకుండా.

"ఇదేనా?" అంది ఐరిస్ గొంతు గుమ్మం దగ్గర్నుంచి. "ఆ రోజు ఇలా ఉందా?"

"ఇలాగే ఉంది," అన్నాడు గోర్డన్. "ఇందులో ఎవడికీ ఏమీ కనబడదు. నేను మర్విన్‌ని చూడలేదు. గొర్రెని కొట్టింది నేను. కుందేలనుకున్నాను. ఎథరింగ్టన్ అడిగితే భయమేసి వీడి పేరు చెప్పాను."

మంచం కిర్రుమంది. తర్వాత మర్విన్ అన్నాడు, "నా ఉత్తరం నువ్వు చదివి పదకొండేళ్లయింది. ఇప్పుడారా చెప్పేది?"

"చదవలేదురా. కవరే చింపలేదు."

"చదవలేదా?"

"నామీద రాశావనుకున్నాను."

"చదువు," అన్నాడు మర్విన్.

గోర్డన్ పేజీని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ పైకి చదివాడు.

"సంపాదకులవారికి. ఫిబ్రవరి రెండో శనివారం మావైపు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, పక్కన కూర్చున్న నా స్నేహితుడు కూడా నాకు కనబడలేదు. అలాంటి రోజున ఎవరైనా పొరబడతారు. పొరబడినవాడు భయపడి ఒక మాట అనేస్తాడు. దానికి నలభై ఏళ్ల స్నేహం పోగొట్టుకుంటామా? నా స్నేహితుడు ఈ పేజీ తప్పకుండా చదువుతాడు. పాత రైలు వంతెన కింద ప్రతి శనివారం పొద్దున్నే ఉంటాను. ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా టీ ఉంటుంది. మర్విన్ బ్లాండ్, థార్ప్‌బెక్."

గోర్డన్ ఆ ఫ్లాస్కు మాట ఇంకోసారి చదువుకున్నాడు. అప్పుడు, "ఎన్ని శనివారాలు కూర్చున్నావురా?" అని అడిగాడు.

ఐరిస్ చెప్పింది. "ఆ ఏడాదంతా వెళ్లాడు. మిగిలిన టీ నేనే సింకులో పారబోసేదాన్ని."

"నువ్వు తుపాకీ గుళ్ల ప్రకటనలు కూడా వదలకుండా చదివేవాడివి కదరా," అన్నాడు మర్విన్. "చదివావనే అనుకున్నాను. చదివి కూడా రాలేదనుకున్నాను."

గోర్డన్ ఏడ్చాడు. ఆ పొగమంచులో ఆయన్ని ఎవరూ చూడలేదు గానీ ఇద్దరూ విన్నారు. కాసేపటికి దుప్పటి మీద తడుముకుంటూ ఒక చెయ్యి వచ్చి ఆయన మోచేతిని పట్టుకుంది.

ఎన్నడూ తెరవని సంచిక కాబట్టి ఆ పొగమంచు గంటలో పోలేదు. ఒకటి కాదు, తొమ్మిది రోజులుంది. రెండు రోజులన్న మనిషి తొమ్మిది రోజులూ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. కోలెట్ గోడ పట్టుకుని వచ్చి, దగ్గు వినబడిన వైపు వెళ్లి మీటర్ పెట్టేది. రెండో రోజు గోర్డన్ హాల్‌గార్త్ వెళ్లి ఎథరింగ్టన్‌కి నిజం చెప్పాడు. ఆ ముసలాయన తలుపు మొహం మీదే వేసేశాడు, కానీ సాయంత్రం మర్విన్ పేర అనుమతి చీటీ రాసి పంపాడు. మర్విన్ దాన్ని చదవలేక, వేళ్లతో తడిమి, దిండు కింద పెట్టుకున్నాడు. గోర్డన్ అనుమతి అదే చీటీలో కొట్టేసి ఉంది. అది ఆయనకి న్యాయంగానే అనిపించింది.

తొమ్మిది రోజులూ ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఒకరి మొహం ఒకరికి కనబడకపోవడం వల్ల కాబోలు, ఎన్నడూ చెప్పుకోనివి కూడా చెప్పుకున్నారు. పదో రోజు మధ్యాహ్నం గోర్డన్, తామిద్దరూ ఒకే సైకిల్ మీద మొదటి సంచిక కొనడానికి వెళ్లిన రోజు సంగతి చెబుతూ, చెబుతూ ఉండగా గోడ మీద గడియారం కనబడింది. తర్వాత కిటికీ కనబడింది. తర్వాత మంచం కాళ్లు. మర్విన్ ఎంతసేపటి నుంచి బదులు పలకడం లేదో అప్పుడు తట్టింది ఆయనకి. మొహం చూడ్డానికి ధైర్యం చాలక, తన చేతులు తాను చూసుకుంటూ, ఆ మిగిలిన సంగతి కూడా చివరిదాకా చెప్పేశాడు.