సాక్షి బెల్మీరు

పొద్దున్నే దోనా ఒటీలియా కాఫీ కొట్టు షట్టరు ఎత్తేసరికి సెన్యోర్ బెల్మీరు గుమ్మంలో నిలబడి ఉంటాడు. చనిపోయి ఆరేళ్ళయినా ఆ అలవాటు మారలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పేపరు విప్పుతాడు. ఒటీలియా చిన్న కప్పులో చిక్కటి కాఫీ తెచ్చి ముందు పెడుతుంది. ఆయన తాగడు, వాసన చూస్తాడు. చల్లారాక ఆమే తీసుకెళ్ళి పారబోస్తుంది. ఆయన జేబు తడుముకోబోతే, "వాసనకి బిల్లు వేసేంత దిగజారలేదు, కూర్చో" అని కసురుతుంది.

కాసేపటికి మన్సరా వస్తుంది. రోల్పా కొండల నుంచి లిస్బన్ వచ్చిన నేపాలీ మనిషి. ఆలివ్ సందులో సగం ఇళ్ళ తాళాలు ఆమె నడుముకే వేలాడుతుంటాయి. టూరిస్టులు ఖాళీ చేసిన గదుల్లో దుప్పట్లు మార్చడం, బాత్రూములు కడగడం, తలుపు తాళం వేసి ఇంకో తలుపు తీయడం ఆమె పని. ఒకప్పుడు ఆ తలుపుల వెనక మనుషులుండేవాళ్ళు. ఓడరేవు కూలీలు, కుట్టుపనివాళ్ళు, చేపలమ్మే ఆడవాళ్ళు. అద్దెలు పెంచి పెంచి వాళ్ళందరినీ ఊరి చివరికి తరిమేశారు. ఇప్పుడు సందులో చక్రాల పెట్టెల చప్పుడు తప్ప పిల్లల ఏడుపు వినపడదు. "ఇల్లు హక్కు, సరుకు కాదు" అని ఎవరో గోడమీద ఎర్రరంగుతో రాస్తారు. సగం సందుకి యజమాని అయిన గొవేయా దానిమీద సున్నం కొట్టిస్తాడు. మళ్ళీ ఎవరో రాస్తారు.

ఇన్ని ఇళ్ళ తాళాలు మోసే మన్సరా దగ్గర, తను ఫలానా చోట ఉంటున్నానని చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఆ కాగితం మీదే ఆమె కూతురి బతుకు ఆగి ఉంది. బినీషా నేపాల్లో, ఘొరాహీ ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. డిసెంబరులో దానికి పద్దెనిమిది నిండుతాయి. నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో అది తల్లి బిడ్డ కాదు, ఎవరో పరాయి దేశపు యువతి. తల్లి పిలిచినా రావడానికి వీల్లేదు. ఆ లోపే దాన్ని ఇక్కడికి రప్పించుకునే దరఖాస్తు పడాలి. వలసల ఆఫీసు చుట్టూ ఏడాదిన్నర తిరిగితే ఈ శుక్రవారానికి అపాయింట్‌మెంటు దొరికింది. పెళ్ళి కాగితం, విడాకుల కాగితం, జీతం కాగితం, కూతురి పుట్టుక కాగితం, వాటి అనువాదాలు, అనువాదాల మీద ముద్రలు, అన్నీ ఉన్నాయి. చిరునామా ధ్రువపత్రం లేదు.

"అమ్మా, ఈసారి నా పుట్టినరోజు వాయిదా వేయించలేవా?" అంది బినీషా ఫోన్లో. "అక్కడ అన్నీ వాయిదా వేస్తారన్నావుగా."

మన్సరా ఉండేది గొవేయాకి చెందిన ఒక నేలమాళిగలో, ఇంకో ఐదుగురు ఆడవాళ్ళతో కలిసి. అద్దె కాంట్రాక్టు రాసివ్వమని ఫోన్ చేసి అడిగింది.

"కాంట్రాక్టా? అందులో ఎవరూ ఉండట్లేదే," అన్నాడు గొవేయా. "మునిసిపాలిటీ లెక్కల్లో అది వైను పీపాల గోదాము."

"మరి నెలనెలా మీకు అద్దె కడుతున్నది పీపాలాండీ?"

ఫోన్ కట్టయింది.

కాంట్రాక్టు లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. వార్డులో ఓటున్న ఇద్దరు వచ్చి, "ఈ మనిషి మా మధ్యే ఉంటోంది, మాకు తెలుసు" అని సంతకం పెడితే వార్డు ఆఫీసు ధ్రువపత్రం ఇస్తుంది. ఇరుగుపొరుగు మాటకి విలువున్న రోజుల్లో పుట్టిన పద్ధతి, మంచి పద్ధతి. కానీ ఆ మాట నల్లవాళ్ళకీ, చామనఛాయ వాళ్ళకీ కూడా పనికొస్తోందని తెలిశాక వార్డు పెద్దలకి నిద్ర పట్టలేదు. ఒక ఓటరు ఏడాదికి ఇద్దరికి మించి సాక్ష్యం చెప్పకూడదని షరతు పెట్టారు. ముందు ఓటర్లని సందు నుంచి గెంటారు, తర్వాత మిగిలినవాళ్ళ మంచితనానికి కోటా కట్టారు. దీన్నే పరిపాలన అంటారు.

మంగళవారం పొద్దున ఒటీలియా కొట్టులో లెక్క తేలింది.

"నా సంతకం ఒకటి మిగిలింది పిల్లా, నీకోసమే దాచాను," అంది ఒటీలియా. "ఆ బంగ్లాదేశ్ కుర్రాళ్ళు, సిల్హెట్ అన్నదమ్ములు వచ్చి అడిగినా లేదన్నాను. పాపం, పెద్దవాడు ఏడ్చినంత పని చేశాడు. రెండోది మన మంగలి నొర్బెర్తుది కదా?"

"ఆయన వస్తానన్నాడు."

అన్నట్టే నొర్బెర్తు వచ్చాడు. కానీ కూర్చోలేదు. టోపీ చేతిలో తిప్పుతూ, "మన్సరా, ఏమనుకోకు," అన్నాడు. "నా షాపు కూడా గొవేయాదే. జనవరిలో అగ్రిమెంటు అయిపోతుంది. నిన్న షాపు ముందు నుంచి పోతూ, 'సంతకాలు బాగా పెడుతున్నావట' అన్నాడు. అంతే అన్నాడు. నవ్వుతూనే అన్నాడు."

"ముప్పై ఏళ్ళుగా మగాళ్ళ మెడమీద కత్తి పెడుతున్నావు, నీకే వణుకా?" అంది ఒటీలియా.

"కత్తి నాది, షాపు వాడిది, దోనా ఒటీలియా."

"పో, పో. నీ కాఫీ ఇవాళ నువ్వే కలుపుకో."

నొర్బెర్తు తలొంచుకుని వెళ్ళిపోయాడు. భయపడేవాడి మీద కోపం తెచ్చుకుంటే భయపెట్టినవాడు తప్పించుకుపోతాడని మన్సరాకి తెలుసు. కౌంటరుకి ఆనుకుని, సందులో ఇంకెవరికి ఓటుందని తలుపు తలుపూ తలుచుకుంది. ఏ తలుపు తలుచుకున్నా దాని తాళం తన నడుము దగ్గరే ఉంది.

"నేనున్నాగా," అన్నాడు బెల్మీరు పేపరు మడుస్తూ.

ఒటీలియా వెనక్కి తిరిగింది. "నువ్వు ఎల్లుండి పోతున్నావుగా."

"ఎల్లుండి కదా. రేపు ఉన్నాను."

బెల్మీరు పోవడం కూడా కాగితాల వ్యవహారమే. ఆయన రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి. కొడుకుని చూడ్డానికి ఫ్రాన్సులోని లియోన్ వెళ్ళి అక్కడ చనిపోయాడు. అక్కడి శ్మశానంలో అద్దె గుంతలో పెట్టారు. భార్య సెలెస్తె సమాధి ఇక్కడ లిస్బన్ కొండమీద ఉంది. దాని పక్కనే చోటు ఆయన ఎప్పుడో కొనిపెట్టుకున్నాడు. కానీ ఆ చోటుకి చేరాలంటే ముందు ఈ దేశపు దస్త్రాల్లో ఆయన చావు నమోదు కావాలి. ఫ్రాన్సు వాళ్ళిచ్చే మరణ ధ్రువపత్రం మూడు నెలలే చెల్లుతుంది. అనువాదానికి ముద్ర పడేలోపు అసలుకి గడువు తీరుతుంది, అసలు మళ్ళీ తెచ్చేలోపు అనువాదానికి తీరుతుంది. మూడు నెలలు దాటితే శవం లేచి కూర్చుంటుందని వాళ్ళ అనుమానం కాబోలు. కొండమీద శ్మశానంలో కొడుకు అడిగితే, "బతికున్నవాణ్ణి పూడ్చడం నేరమండీ" అన్నారు. బెల్మీరుకి విసుగొచ్చింది. లియోన్ గుంతలోంచి లేచి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు. ఆ ఇల్లు అప్పటికే టూరిస్టుల గదైపోయింది. అందుకని పగలు కాఫీ కొట్టులోనూ రాత్రి రేవు గట్టునా కాలం గడుపుతున్నాడు.

ఈ శరదృతువులో ఎలాగో అన్ని ముద్రలూ ఒకేసారి కలిసొచ్చాయి. కొడుకు పంపిన కాగితాలు వార్డు ఆఫీసుకి చేరాయి. గురువారం ఆయన అధికారికంగా చనిపోతాడు. ఆ తర్వాత సెలెస్తె పక్కకి చేరతాడు. కోటు ఇస్త్రీ చేయించుకుని సిద్ధంగా ఉన్నాడు.

బుధవారం ముగ్గురూ వార్డు ఆఫీసుకి వెళ్ళి టోకెన్ తీసుకున్నారు. బెంచీల నిండా జనం. ఒళ్ళో ప్లాస్టిక్ సంచులు, సంచుల్లో జీవితాలు. సిల్హెట్ అన్నదమ్ములు కూడా ఒక మూల కూర్చుని ఉన్నారు. నంబరు పిలిచాక కౌంటరు దగ్గరికెళ్తే, అక్కడి ఉద్యోగి ఫిలొమేన బెల్మీరుని చూసి లేచి నిలబడింది. ఆమె ఆ సందులోనే పుట్టి పెరిగింది.

"రేపు కదా మీది, సెన్యోర్ బెల్మీరు? ఒకరోజు ముందొచ్చారు."

"రేపటి పనికి కాదమ్మా. ఈ అమ్మాయికి సాక్ష్యం చెప్పడానికి వచ్చాను. ఓటర్ల జాబితాలో నా పేరుందో లేదో చూడు."

ఫిలొమేన చూసింది. ఉంది. గుర్తింపు కార్డు అడిగింది. అది ముసలివాళ్ళకిచ్చిన పాతకాలపు కార్డు, దానికి గడువే లేదు. ఆమె కార్డు తిరగేసి బల్లమీద పెట్టి, గొంతు తగ్గించింది.

"చూడండి. రేపు మీ మరణం ఎక్కిస్తే ఆరేళ్ళ కిందటి తారీఖుతో ఎక్కుతుంది. అప్పుడు ఇవాళ్టి ఈ సంతకం చచ్చినవాడిదవుతుంది. ఈమె దొంగసాక్షిని తెచ్చిందంటారు. ఫైలు పోవడమే కాదు, కేసు పెడతారు."

మన్సరా బల్లమీది కాగితాలు గబగబా పోగు చేసుకుంది. "వద్దండీ. పదండి, పోదాం. ఆరేళ్ళు తిరిగారు మీరు. ఆవిడ పక్కన చోటు..."

"ఆగమ్మా," అన్నాడు బెల్మీరు. ఫిలొమేన వైపు తిరిగాడు. "నా చావుకాగితం ఏదీ?"

"నా దగ్గరే ఉంది."

"వెనక్కిచ్చేయ్."

"ఇచ్చేస్తే మళ్ళీ మొదట్నించీ రావాలి. లియోన్, కాన్సులేటు, అనువాదం, ముద్రలు. ఎన్నేళ్ళు పడుతుందో నేను చెప్పలేను. అయినా మీరు చనిపోయారని నాకు తెలుసు, మా అమ్మకి తెలుసు, ఊరందరికీ తెలుసు!"

"ఈ అమ్మాయి ఆ నేలమాళిగలో ఉంటోందనీ ఊరందరికీ తెలుసు." బెల్మీరు గొంతు పెంచలేదు కానీ బెంచీల మీద మాటలు ఆగిపోయాయి. "ఊరికి తెలిస్తే చాలిందా మీకు? కాగితం కావాలన్నారు. సరే, కాగితమే చూడు. నేను బతికున్నానని రాసుందా లేదా?"

"రాసుంది."

"ఈ అమ్మాయి లేదని రాసుంది. ఊపిరి పీల్చేదాన్ని లేదంటారు, పీల్చనివాణ్ణి ఉన్నాడంటారు. ఉన్నాడన్నారు కాబట్టి వచ్చాను. పెన్నివ్వు."

"ఇవ్వమ్మా, ఇవ్వు," అంది ఒటీలియా. "కొట్టు మూసి వచ్చాను, బేరం పోతోంది."

ఫిలొమేన ఆయన ముఖంలోకి చూసింది. ఆమె చిన్నప్పుడు, రేవులో సమ్మె జరిగినన్నాళ్ళూ, ఈయన సందులో ప్రతి ఇంటికీ రొట్టె మోసుకెళ్ళి ఇచ్చేవాడు. ఆమె సొరుగు లాగి, ముద్రలతో బరువెక్కిన కట్ట తీసింది. పైన ఇలా రాసింది: "మరణించిన వ్యక్తి స్వయంగా హాజరై తన మరణాన్ని ఉపసంహరించుకున్నారు." ఆయన దానికింద ఒక సంతకం, మన్సరా కాగితం కింద ఒక సంతకం పెట్టాడు. ఆ వేళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి సిరా ఆరడానికి కొంచెం సమయం పట్టింది. ఒటీలియా కూడా పెట్టింది. ఫిలొమేన ముద్ర కొట్టింది.

బయట ఎండలో మన్సరా ఆ కాగితాన్ని గుండెకి హత్తుకుని నిలబడింది.

"ఆవిడకి ఏం చెబుతారు?" అని అడిగింది.

"పొద్దున్నే కొండెక్కి చెప్పొచ్చాను," అన్నాడు బెల్మీరు. "చర్చిలో పెళ్ళికి కూడా ఆలస్యంగానే వెళ్ళాను. అప్పుడూ ఆగింది."

శుక్రవారం వలసల ఆఫీసులో ఆమె ఫైలు తీసుకున్నారు. చిరునామా పత్రాన్ని వెలుతురుకెత్తి చూశారు, గోటితో గీకి చూశారు, ఓటర్ల జాబితాతో పోల్చి చూశారు. ఎంత వెతికినా తిప్పి పంపడానికి సాకు దొరకలేదు. దరఖాస్తు పడిన తేదీయే లెక్క, ఆ తర్వాత బిడ్డకి ఎన్నేళ్ళు నిండినా ఆమె బిడ్డే. మన్సరా మెట్లమీద కూర్చుని ఘొరాహీకి ఫోన్ చేసింది.

"పెట్టె సర్దుకోవే," అంది. "చలికోటు పైన పెట్టుకో."

సోమవారం బెల్మీరు మళ్ళీ వార్డు ఆఫీసుకి వెళ్ళాడు. ఈసారి సిల్హెట్ అన్నదమ్ముల్లో పెద్దవాడి కోసం. రెండో సాక్షిగా నొర్బెర్తు వచ్చాడు. షాపు పోతే పోయిందనుకున్నాడో, ఒటీలియా కాఫీ ఇవ్వకపోవడం తట్టుకోలేకపోయాడో, టోపీ తీసి మాట్లాడకుండా సంతకం పెట్టాడు. బెల్మీరు కూడా పెట్టాడు.

"మీ కోటా అయిపోయినట్టేనండీ," అంటూ ఫిలొమేన కంప్యూటరులో బెల్మీరు పేరు తెరిచింది. ఈ ఏడాది సాక్ష్యాలు అని ఉన్నచోట సున్నా ఉంది. మన్సరా కాగితం ఎక్కించింది గుర్తే. ఇప్పుడు ఈ కుర్రాడి కాగితమూ ఎక్కించింది. మళ్ళీ చూసింది, సున్నాయే. కాగితాల మీద రెండు సంతకాలూ నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. నొర్బెర్తు పేరు పక్కన ఒకటి అని పడింది. బెల్మీరు పేరు పక్కన మాత్రం ఏమీ పడలేదు; ఎన్ని సంతకాలు పెట్టినా ఈయన కోటా నిండదు.

ఫిలొమేన పై అధికారి గది వైపు ఒకసారి చూసింది. తెర ఆ గదికి కనబడకుండా పక్కకి తిప్పి, కుర్రాడి పత్రం మీద ముద్ర కొట్టి చేతికిచ్చింది. తర్వాత కౌంటరు మీదికి వంగి, హాలంతా వినబడేలా అడిగింది.

"సాక్షి దొరకనివాళ్ళు ఇంకెవరున్నారు?"

బెంచీలన్నీ ఒక్కసారిగా కిర్రుమన్నాయి. బెల్మీరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.