కోడి కళ్ల మీద చెయ్యి

మొదటి బోక్ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి, బజారు ఎదురుగా కూడలిలో ఉన్న పెద్ద తెర మీద నేను కనబడతానని మా మనవరాలు దాన్బి ఫోను చేసి చెప్పింది.

మా కొరియాలో వేసవికి మూడే బోక్ రోజులు. ఎండ మండిపోయే ఆ మూడు రోజులూ ఊళ్లో ప్రతి ఇంటా లేత కోడి కడుపులో జిగురు బియ్యం, జిన్సెంగ్ వేరు కూరి ఉడకబెట్టి, ఆ పులుసు తాగాల్సిందే. ఏడాదంతా నా కొట్టు నిలబడేది ఆ మూడు రోజుల మీదే. ఎంచుకున్న కోడిని అప్పటికప్పుడు కోసి ఇచ్చే కొట్టు జొంజు ఊళ్లో నాదొక్కటే మిగిలింది. మా ఆయన పోయాక కూడా దాన్ని నేనే నడుపుతున్నాను. మొత్తం ముప్ఫై ఒక్క ఏళ్లు.

దాన్బి మా అమ్మాయి కూతురు. సియోల్‌లో ప్రకటనలు తయారుచేసే ఆఫీసులో పని. నెల కిందట ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని వచ్చి, రెండు రోజులు నా కొట్టులో కెమెరా పెట్టింది.

"బోక్ రోజుకి ప్రకటన అమ్మమ్మా. నువ్వు రోజూ చేసేదే చెయ్యి, చాలు" అంది.

బోక్ రోజుకి బజారు సంఘంవాళ్లు ఏటా ఒక ప్రకటన వేయిస్తారు. కిందటేడు బియ్యపు రొట్టెలావిడది వేశారు. ఈసారి నా వంతు కాబోలు అనుకున్నాను. ఒప్పుకున్నట్టు కాగితం ఇస్తే, సంతకానికి బదులు నా పేరు ముద్ర గుద్ది ఇచ్చాను. నాకు చదవడం వచ్చు. కానీ మనవరాలు ఇచ్చిన కాగితాన్ని ఎవరు చదివి చూస్తారు?

బజారంతా చాటింపు వేసుకున్నాను. పన్నెండు కొట్టేసరికి ముప్ఫై మంది దాకా విసనకర్రలు పట్టుకుని కూడలిలో నిలబడ్డారు. సంఘం పెద్ద ఫ్యో గారు, సంఘానికి పైసా ఖర్చు లేకుండా నా మనవరాలే వేయిస్తోందని మురిసిపోయి, ఐసు వేసిన బార్లీ నీళ్లు తెప్పించి అందరికీ పోయించారు. పక్క కొట్టులో చేపలమ్మే ఒక్‌నామ్ నన్ను ఎగాదిగా చూసింది.

"పెదాలకి రంగు కూడానా అక్కా? తెర మీద పడేది నెల కిందటి మొహం. ఇవాళ పూసుకుని ఏం లాభం?"

"నిన్ను తియ్యలేదని ఏడుపు నీకు" అన్నాను.

తెర వెలిగింది. మొహం లేదు. చెయ్యి ఒక్కటే ఉంది.

అది నా కుడి చెయ్యే. కోసే ముందు ఆ చేతి తొడుగు తీసేసి, అరచెయ్యి కోడి కళ్ల మీద కప్పుతాను. "పడుకో, పడుకో" అంటాను. మా ఆయన నేర్పిన పని అది. కనబడకపోతే దానికి భయం ఉండదు అనేవాడు. అరచేతి కింద కోడి మెత్తబడుతుంది, మెడ వాలుస్తుంది. అప్పుడే కత్తి పెడతాను.

తెర మీద ఆ చెయ్యి చాలా నెమ్మదిగా దిగింది. నా గొంతే, పసిపిల్లని జోకొట్టినట్టు "పడుకో, పడుకో" అంటోంది. కోడి మెడ వాల్చింది. తెర నల్లబడింది. కత్తి లేదు, నెత్తురు చుక్క లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"ఈ చెయ్యి ఎంత మెత్తనిదో చూశారా? ఆ కోడి కూడా అలాగే అనుకుంది."

దాని కింద చిన్న అక్షరాల్లో, "ఈ ఒక్క బోక్‌కి కోడి మానండి" అని, పక్కన ఏదో జంతువుల్ని కాపాడే సంఘం పేరు ఉంది.

రోడ్డు దాటడానికి ఆకుపచ్చ దీపం వెలిగింది. ఒక్కరూ దాటలేదు. ఒకావిడ పిల్లని తన నడుముకి అదుముకుని నిలబడిపోయింది. మా వాళ్లు నా మొహం చూడలేదు, చెయ్యి చూశారు. ఆ చేతిలో బార్లీ నీళ్ల గ్లాసు ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

పది నిమిషాలకోసారి ఆ ప్రకటన సాయంత్రం దాకా వస్తూనే ఉంది. మామూలుగా మొదటి బోక్‌నాడు నా క్యూ ఉప్పు కొట్టు దాటిపోతుంది. ఆ రోజు వచ్చింది ఏడుగురు. ఇరవై ఏళ్లుగా నా దగ్గరే కొనే మేంగ్ మాస్టారు కొట్టు ముందు ఆగి గొంతు సవరించుకున్నారు.

"ఈసారి బాతు తెమ్మంది మా ఆవిడ" అని వెళ్లిపోయారు.

"నా చేపలకి రెప్పలు లేవు కాబట్టి బతికిపోయాను. లేకపోతే నన్ను కూడా తీసి ఉండేది నీ మనవరాలు" అంది ఒక్‌నామ్. నవ్వుదామని చూసింది కానీ దానికీ నవ్వు రాలేదు.

సాయంత్రం ఫ్యో గారు వచ్చారు. "అక్కగారూ, ఏమీ అనుకోకండి. రెండో బోక్ ఇంకా పది రోజులుంది. అప్పటికీ జనం రాకపోతే కొట్టు ఖాళీ చెయ్యండి. ఈ కొట్ల వరసకే జనం రావడం మానేస్తే మిగతావాళ్లు నా పీక పట్టుకుంటారు. కాఫీ కొట్టు పెడతామని ఎవరో అడుగుతున్నారు కూడా."

దాన్బి మర్నాడు పొద్దున రైలుకి వచ్చింది. నేను గంపలు కడుగుతున్నాను.

"కోపంగా ఉందా అమ్మమ్మా?"

"నాకు ముందే చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే చెప్పలేదు."

అంత తేలిగ్గా అనేసరికి నా చేతిలో చీపురు ఆగిపోయింది.

"కోసేటప్పుడు తీశావుగా. అది వెయ్యలేదేం? ఈ చెయ్యే ఎందుకు?"

"మూడు రకాలుగా చేశాం. నెత్తురుది ఒకటి, ఇరుకు గంపలది ఒకటి, నీ చెయ్యిది ఒకటి. నలభై మందిని కూర్చోబెట్టి చూపించాం. నెత్తురు చూపిస్తే మొహం తిప్పేసుకుని మమ్మల్నే తిట్టారు, కోడిని మర్చిపోయారు. గంపలు చూసి ఆవలించారు. నీ చెయ్యి చూసి మాత్రం ఏడ్చారు. కటువుగా ఉన్నదాన్ని చూస్తే అది మనం కాదులే అనుకుంటారు అమ్మమ్మా. మంచి చెయ్యి అయితే తప్పించుకోలేరు. నీ చెయ్యి మంచిది కాబట్టే పని చేసింది."

"దయతో పెట్టిన చెయ్యే అది."

"తెలుసు. నన్ను పడుకోబెట్టేటప్పుడు కూడా అదే చెయ్యి, అదే మాట. ఆ గొంతు అతికించేటప్పుడు రెండుసార్లు బయటికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను."

"అయినా పెట్టావు."

"పెట్టాను."

ఆ పిల్ల ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. తీసెయ్యమంటే తీయిస్తానని మాత్రం అంది. చూసినవాళ్లు చూసేశారు, ఇప్పుడు తీసి ఏం చేస్తావన్నాను. "రెండో బోక్‌కి వచ్చి నా పక్కన నిలబడు. కెమెరా వద్దు."

వచ్చింది. ఆ పొద్దున క్యూలో పద్నాలుగు మంది చేరారు. మేంగ్ మాస్టారే ముందున్నారు, వాళ్లావిడకి బాతు పడలేదట. ఇంకో పదిమంది వస్తే కొట్టు దక్కుతుందని నాకు ఆశ పుట్టింది. వచ్చినవాళ్లు మాత్రం నా కుడిచేతి వైపే చూస్తున్నారు. సరే, ఇవాళ చెయ్యి కప్పను, కప్పకుండానే కోస్తాను అనుకున్నాను. చెయ్యే లేకపోతే ఇక ఏం చూస్తారు?

కోడి రెక్కలు ఒకదాని కింద ఒకటి మెలిపెట్టి బల్ల మీద పెట్టాను. మెడ పట్టుకున్నాను. అది పక్కకి తిరిగి ఒక కంటితో నన్ను చూసింది. నారింజరంగు వలయం, మధ్యలో నల్ల చుక్క. రెప్ప వేసింది. మనకి పైరెప్ప కిందికి దిగుతుంది. దానికి కిందిరెప్ప పైకి లేచింది. మళ్లీ తెరిచి చూసింది.

చేత్తో ఎత్తితే కోడి బరువు చెప్పగలను. జుట్టు రంగు చూసి జబ్బు చెప్పగలను. ముప్ఫై ఒక్క ఏళ్లలో దాని రెప్ప ఎటునుంచి మూసుకుంటుందో మాత్రం చూడలేదు. చూసే వీలు లేకుండా ప్రతిసారీ నా అరచెయ్యే అడ్డం ఉంది. పడుకుంది అనుకునేదాన్ని. ఆ చేతి కింద ఇన్ని వేల కోళ్లూ కళ్లు తెరుచుకునే ఉన్నాయేమో.

"ఏమైంది దాన్బి అమ్మమ్మా? ఎండగా ఉంది" అన్నారు మాస్టారు.

"చెయ్యి రావడం లేదు మాస్టారూ."

ఆయన నన్నూ, మా మనవరాల్నీ చూసి గొంతు తగ్గించారు. "ఎప్పటిలాగే చెయ్యి కప్పి కానివ్వండి. మేం అటు తిరుగుతాం."

ఆయన ఉప్పు కొట్టు వైపు తిరిగారు. ఆయన్ని చూసి వెనకాయన తిరిగాడు. అలా ఒకరి వెనక ఒకరు పద్నాలుగు మందీ తిరిగిపోయి, సంచులు చేతబట్టుకుని నాకు వీపులు పెట్టి నిలబడ్డారు. కెమెరా లేదు. ఎవరూ చెయ్యమనలేదు. ఇటు చూస్తున్నది దాన్బి ఒక్కతే. దాని మొహంలో గెలుపు లేదు, నోరు తెరుచుకుని ఆ వీపుల్నే చూస్తోంది.

"అయిందా?" అని అటు తిరిగే అడిగారు మాస్టారు.

కోడి రెక్కలు విప్పి గంపలో వదిలాను. కత్తి కడిగి గుడ్డలో చుట్టాను. ఒక్‌నామ్ దగ్గరికి వెళ్లి, కాఫీ కొట్టువాళ్లని రమ్మనమని ఫ్యో గారికి ఫోను చెయ్యమన్నాను.

"రెండో బోక్‌నాడా అక్కా? క్యూ ఉండగానా?" అంది అది.

"చెయ్యి" అన్నాను.

అది ఫోను తీసి మాట్లాడటం మొదలుపెట్టింది. అప్పటికీ క్యూలో ఒక్కరూ ఇటు తిరగలేదు.