కుట్లు విప్పకముందే

"మగోనికి ఆ పిల్లలు పుట్టకుండ జేసే ఆపరేషన్ జేస్తే మళ్ళ బస్తా ఎత్తగలడా? నువ్వు చేయించుకుంటే ఏం పోద్ది, ఇంట్ల ఉండేదానివేనాయె" అంది మా అత్త పున్నమ్మ, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ. ఎవరు కడుపు కోయించుకోవాలో ఆ ఒక్క మాటతో తేలిపోయింది. ఎమర్జెన్సీలో మగవాళ్ళను ఆ ఆపరేషన్‌కే జీపుల్లో ఎక్కించుకుపోతున్నారని పుకారు పుడితే, మా ఆయన వెంకటప్పయ్య కిన్నెరసాని అవతల అడవిలో కల్లు తాగుతూ దాక్కున్నాడు. అంతటి వీరుడు ఇప్పుడు మాత్రం కత్తికి ఒప్పుకుంటాడా? మూడో బిడ్డ పాలు మానాక నేనే పోయి, బడిలో పెట్టిన క్యాంపులో పడుకున్నాను. ఆపరేషన్ అయిన వాళ్ళందరినీ వరసగా నేలమీద పడుకోబెట్టారు. నా పక్కన తండా నుంచి వచ్చిన మంగ్లి. ఉక్కకు కింద చాపలు తడిసిపోతుంటే అది తన పైట చెంగుతో ఇద్దరికీ కలిపి విసిరింది. "కొన్నాళ్ళు బరువులు ఎత్తకండమ్మా" అని నర్సమ్మ అందరికీ ఒకేసారి చెప్పేసి పోయింది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్తే అత్త బుగ్గన వేలేసుకుంది. "నీకేం బరువులుంటయే ఇంట్ల?" నిజమే మరి. చేతిపంపు దగ్గర నింపి చంకనెత్తుకొచ్చే బిందె బరువు కిందికి రాదు. గేదెలకు పెట్టే కుడితిని ఎవరూ తూచలేదు, కూలీలకు వండిన అన్నం గిన్నె పొయ్యి మీద నుంచి దానంతటదే దిగుతుందని వాళ్ళ నమ్మకం. బరువంటే మగవాడు ఎత్తేది, దించి తువ్వాలతో మెడ తుడుచుకునేది, అయ్యో పాపం అలిసిపోయిండని మేం మజ్జిగ అందించేది. పిల్లలు ముగ్గురినీ మా అమ్మ తీసుకుపోయింది, అదొక్కటే నయం. కుట్లు విప్పించుకోవడానికి రమ్మన్న రోజు నేను బయల్దేరుతుంటే ఆయన అడ్డం పడ్డాడు. "మిర్చి కల్లంల ఉండంగ దవాఖానా ఏంది? అమ్మినంక పోదువులే." అలా చెప్పి తను మాత్రం మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుసుమంచిలో పెళ్ళికి పోయాడు. పెళ్ళికి మిర్చి అడ్డం రాలేదు. నా కడుపుకే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆకు కదల్లేదు. రవికె వీపుకంటుకుపోయింది, కుట్లలోకి చెమట దిగి మంట. కుట్ల చుట్టూ వాచి అప్పటికే చీము వాసన వస్తోంది, ఆ సంగతి ఎవరితో చెప్పాలో తెలియలేదు. మంగ్లి కల్లం అంచున కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. దాని కుట్లూ విప్పలేదు, కూలి పోతుందని వచ్చింది. ఉన్నట్టుండి అడవి వైపు నుంచి మబ్బు లేచింది. గాలిదుమారం రేగి మిరప ఘాటు కళ్ళల్లో కొట్టింది.

"ఏందే చూస్తున్నవ్, జల్దీ రా. బస్తాలు తడిస్తే ఏడాది కష్టం నీళ్ళపాలైతది" అని అత్త కేకేసింది.

"కుట్లున్నయ్ అత్తమ్మా."

"మంగ్లికి లేవా? అది ఎత్తుతలేదా?"

మంగ్లి నిజంగానే ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని బస్తా మూతి పట్టుకుంది. "ఆ కొస పట్టక్కా, ఒక్కదాన్నే లేపలేను" అంది. పట్టాను. ఎందుకు పట్టానంటే ఏం చెప్పను, పని కనపడితే నా చేతులు నన్నడక్కుండానే పోతాయి. లేపేసరికి బొడ్డు కింద పుటుక్కుమంది. తొడ మీదికి వెచ్చగా జారింది. వాననుకున్నాను గానీ వాన చల్లగా పడుతోంది. చెయ్యి పెట్టి చూసుకుంటే నెత్తురు. అక్కడే మిరపకాయల మధ్య కూలబడ్డాను. ఇక్కడే ఇట్లాగే చచ్చిపోతే రేపు పిల్లల ముందు వీళ్ళు ఏం చెప్తారు, బస్తా ఎత్తలేక చచ్చిందని నవ్వుతారా?

అత్త వచ్చింది. లేవదీస్తుందనుకున్నాను. నా పక్కకు వంగి గొంతు తగ్గించింది. "గింతదానికే కూలబడ్తవా? నీ మొగుణ్ణి కన్న నెలలోపే నేను జొన్న బస్తాలు మోసిన. గర్భసంచి జారింది. ఇప్పటికి గుడ్డ కట్టుకునే తిరుగుతున్న. మీ మామ తెల్వకుండనే పోయిండు, వీనికీ తెల్వదు. ఎవ్వరికన్న చెప్పిన్నా?"

గొప్పగానే మొదలుపెట్టింది. చివరికొచ్చేసరికి చూపు తిప్పుకుని, కింద చెదిరిన కాయలు ఏరడం మొదలుపెట్టింది. ఆమె కాళ్ళు ఎడంగా వేసి నడవడం కాపురానికొచ్చిన నాటి నుంచి చూస్తున్నాను. మోకాళ్ళ నొప్పులనుకున్నాను. ఇన్నేళ్ళు ఒకే పొయ్యి ముందు కూర్చున్నాం, ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. నాకు ఆమె మీద కోపం రాలేదు. ఆమెలాగే నేనూ ఒక గుడ్డ కట్టుకుని, ఇంకో కోడలితో ఇదే మాట అనేదాకా బతుకుతానేమోనని భయమేసింది.

లేచాను. మంగ్లి చేతుల్లోంచి బస్తా లాగి బురదలో పడేశాను. చీర కుచ్చిళ్ళు మడిచి కడుపు మీద అదిమిపట్టుకున్నాను.

"పా మంగ్లీ. భద్రాచలం బస్సొచ్చే యాళయింది. దవాఖానాకు పోదాం."

మంగ్లి అత్త వైపు చూసింది, బస్తా వైపు చూసింది, నా వెనకే వచ్చింది. రోడ్డెక్కేసరికి కల్లంలో కాయలు నీళ్ళ మీద తేలుతున్నాయి.

"వాడొచ్చి బస్తాలేవంటే నేనేం జెప్పాలె?" అని అత్త వానలో అరిచింది.

నేను ఆగి వెనక్కి తిరిగాను.

"నీకేమైందో నీ కొడుక్కి చెప్పు అత్తమ్మా. ముందు అది చెప్పు."