మూడుసార్లు చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

వన్ టౌన్‌లో మా అక్క భర్త యేసుదానం బావది ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే కొట్టు. ముప్పయ్యేళ్ల పని. ఆ శనివారం నేను వెళ్లేసరికి చర్చి ఆంప్లిఫయర్ విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అందులోని గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్‌ను మూడుసార్లు విప్పి చుట్టాడట. వార్నిష్‌లో ముంచి, హీటర్ పెట్టెలో ఆరబెట్టి, స్విచ్ వేస్తే మళ్లీ అదే గుర్రుమనే మోత.

“నా సెయ్యి పోనాది బామ్మర్దీ. సాయంత్రం చర్చి పెద్దాయన వొత్తాడు. ఇంకోసోటికి అట్టుకెళ్లమనీసి కొట్టు మూసెత్తాను.”

మా అక్క కేథరిన్ వెంటనే అందుకుంది. “మూసీసి ఏటి సేత్తావు? ఇంట్లో కూకుని నా మీద గుర్రుమంటావా?”

మా ఇంట్లో ఇంజనీరింగ్ చదివింది నేనొక్కణ్నే. బావ ఏనాడూ నన్ను సలహా అడగలేదు, ఆరోజూ అడగలేదు. తీగ చుట్టిన తీరు చూస్తే ఒక్క వరస తప్పలేదు. లోపం కరెంటులో ఉందేమోనని మీటరుతో చూశాను. రెండు పక్కలకూ సమానంగా ఊగాల్సిన ఏసీలో, ఒక పక్కకే నెట్టే డీసీ ఒక వోల్టు కలిసి ఉంది. గుండ్రటి ట్రాన్స్‌ఫార్మర్ మోగడానికి అది చాలు.

రెండు పెద్ద కెపాసిటర్లు, ఒక బ్రిడ్జి రెక్టిఫయర్ కొనుక్కొచ్చి డీసీని ఆపే పెట్టె ఒకటి కట్టాను. దాని ద్వారా కరెంటు ఇస్తే మోత ఆగిపోయింది.

బావ చెవి ఆనించి విన్నాడు. సంతోషించలేదు.

“మరి చర్చిలో ఏటి సెయ్యాలి? ట్రాన్స్‌ఫార్మర్‌తో పాటు మా బామ్మర్దిని కూడా అట్టుకెళ్లమనాలా?”

మాట నిజమే. ఆ డీసీ ఎక్కడ పుడుతోందో తేలాలి. పెట్టె తీసేసి కొట్లోవి ఒక్కొక్కటే ఆపుతూ వచ్చాను. ఫ్యాను, లైట్లు, గ్రైండరు. మోత తగ్గలేదు. హీటర్ ఆపగానే పోయింది. వెనక మూత విప్పితే తీగ మధ్యలో ఒక డయోడు. కరెంటులో ఒక సగాన్నే వెళ్లనిస్తుంది అది.

నేను అడగకముందే బావ చెప్పాడు. వేడెక్కువై ఆరబెట్టిన చుట్లు రెండు మాడిపోతే, సెగ సగానికి తగ్గించడానికి ఎండాకాలంలో తనే పెట్టాడట. అక్క టీ పెట్టడానికి వెళ్లింది. డయోడు తీసెయ్యనా అంటే వద్దన్నాడు. సన్నటి సెగకే వార్నిష్ బాగా ఆరుతుందట. నా పెట్టెను పరీక్ష బల్లకు బిగించమన్నాడు.

సాయంత్రం పెద్దాయన వచ్చాడు. వారం ఆలస్యం తన హీటరు వల్లేనని బావే చెప్పేశాడు. చర్చిలో మోగదు కదా అని పెద్దాయన అడిగితే బావ నావైపు చూడలేదు.

“మోగదు. సుట్టడంలో తప్పు నేదు. పాత ఆంప్లిఫయర్లు ఇంకో రెండున్నాయన్నారు గదా, సోమారం అవీ అట్టుకొచ్చీయండి.”