మడమలో లేని ముల్లు

పెంటమ్మ పిన్నీసును పొయ్యి మంటలో కాల్చి, కొంగుకు తుడిచి, మొగుడి కుడి మడమను ఒళ్లోకి లాక్కుంది. మూడు నెలలుగా రోజూ పొద్దున్నే ఇదే పని. మడమ నిండా ఆమె తవ్విన గుంటలే, మానినవి కొన్ని, మాననివి కొన్ని. దశరథం గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. పడుకుంటే ఊపిరాడడం లేదని పది రోజులుగా కూర్చునే నిద్రపోతున్నాడు.

"నొస్తుందా?"

"లేదు. నీ పని నువ్ జేస్కో."

వీపనగండ్లలో పెంటమ్మకు పేరంటూ ఉంటే అది ముల్లు తీయడంలోనే. కూలికి పోయే మనిషి, చదువు లేదు, సెంటు భూమి లేదు, పెళ్లిళ్లలో ఆమెను ముందు బంతిలో కూర్చోమన్నవాళ్లు లేరు. కానీ కుంటుతూ వచ్చినవాడు ఎంతటి ఆసామి అయినా ఆమె గడప తొక్కాల్సిందే. ఆమె ముందు పాదం చూడదు. గజ్జల్లో బిళ్ల కట్టిందా, ఎంత లావుంది, వేలితో నొక్కితే నొస్తుందా అని అడుగుతుంది. కాలిలో ముల్లు విరిగితే గజ్జల్లో, చేతిలో విరిగితే చంకలో బిళ్ల లేస్తుంది. ముల్లు బయటపడ్డ మూడో రోజుకు అణిగిపోతుంది. ఈ లెక్క ఆమెకు ఏనాడూ తప్పలేదు. అది చెప్పుకునేటప్పుడు కాస్త మెడ నిక్కించేది. నిక్కించనీ, గొప్ప చెప్పుకోవడానికి ఆమెకు ఇంకేముంది గనక.

దశరథానికి ఉగాది ముందు కుడి గజ్జల్లో నిమ్మకాయంత బిళ్ల లేచింది. నొప్పి లేదు. తర్వాత చంకలో ఒకటి, మెడ పక్కన రెండు. రాత్రుళ్లు ఒళ్లంతా చెమటలు. మనిషి సగమయ్యాడు. "ముల్లు మీదికి నడుస్తుంది" అంది పెంటమ్మ. దవాఖానకు పోదామా అని అతను ఒక్కసారి అడిగాడు. ఆమెకు చిన్నతనమనిపించింది. ఊరందరి ముళ్లు తీసే మనిషి మొగుణ్ని ముల్లు కోసం దవాఖానకు తోలుకుపోతే జనం నవ్వరా? అతను మళ్లీ అడగలేదు.

ఆ రోజు కూడా ముల్లు దొరకలేదు. అంబలి గిన్నె అతని దగ్గర పెట్టి కలుపు తీయడానికి పోయింది. వేరుశనగ చేలో పన్నెండు మంది ఆడవాళ్లు వరుస పట్టారు. ఎండ నెత్తి మీదికి వచ్చేసరికి సీతమ్మ కాలు పట్టుకుని కూలబడింది. పెంటమ్మ ఆమె పాదాన్ని మోకాలి మీద పెట్టుకుని రెండు గిల్లులు గిల్లి, నల్లటి ముల్లు ముక్కను తీసి అరచేతిలో చూపించింది.

"ఎన్నడిరిగిందే ఇది?"

"నాలుగొద్దులైందక్కా. గజ్జల బిళ్ల గూడ లేసింది."

"ఎల్లుండికి అణుగుతది పో."

జ్వరాలున్నవాళ్ల నెత్తురు చుక్కలు తీసుకోవడానికి వచ్చిన నర్సు లావణ్య గట్టు మీద నిలబడి ఇదంతా చూసింది. మెచ్చుకోలుగా నవ్వింది. ఆ నవ్వు చూసి ధైర్యం తెచ్చుకుని పెంటమ్మ మొగుడి సంగతి చెప్పింది. చెబుతుంటేనే లావణ్య ముఖంలో నవ్వు పోయింది.

"పెద్దమ్మా, ఒంట్ల నెత్తురు నరాలే గాదు, సన్నటి కాలువలు ఇంకో తీరువి ఉంటయి. కండల్ల ఊరిన నీళ్లను మళ్ల నెత్తుట్ల కలుపుతయి. ఆ కాలువల నడుమ గీ బిళ్లలు జల్లెడ లెక్క. ముల్లు తోని చెడు లోపలికి వస్తే గక్కడనే ఆపి కొట్లాడతయి. అందుకే వాస్తయి, నొస్తయి."

"గట్లయితే నా లెక్క తప్పు గాదు గద బిడ్డా?"

"తప్పు గాదు. గని ఆయనయి నొస్తలేవంటున్నవ్. అన్ని దిక్కుల లేసినయంటున్నవ్. బయటికెల్లి ఏం రాలే పెద్దమ్మా. జల్లెడనే చెడ్డట్టుంది. రేపే కర్నూలు తీస్కపో."

పెంటమ్మ చేతిలోని కలుపు గడ్డి అక్కడే వదిలేసింది. మూడు నెలల్లో ఆ మడమలోంచి చీము చుక్క రాలేదు. పరాయివాళ్ల కాలయితే రెండో రోజే చెప్పి ఉండేది, ఇందులో ముల్లు లేదు పొమ్మని. సొంత మొగుడి కాలు దగ్గరే ఆమె కళ్లు మూసుకుపోయాయి.

మేస్త్రీ పిలుస్తున్నా ఆగకుండా ఇంటిదారి పట్టింది. పెళ్లయిన ఏడాది కాలువ పనికి పోయినప్పుడు ఆమె మొట్టమొదట ముల్లు తీసింది దశరథం కాలిలోంచే. అతను గుడిసె గుడిసెకూ తిరిగి నా పెండ్లాం చెయ్యి మంచిదని చెప్పుకొచ్చాడు. ఊరు ఆమెకు పేరు పెట్టకముందు పేరు పెట్టింది అతనే. రేపు మొదటి బస్సుకే కర్నూలు పోవాలి. నాదే తప్పయ్యా అని రాత్రికి చెప్పాలి. ఏడుపు వస్తుంటే దారిలో ఎవరూ చూడకుండా గబగబా నడిచింది.

దశరథం గోడకు ఆనుకునే ఉన్నాడు. కుడికాలు కడుక్కుని, గోనె మీద చాపుకుని ఉన్నాడు. పిలిచింది. భుజం పట్టి కదిపింది. తల పక్కకు వాలిపోయింది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది.

ఆమె అరుపు విని పక్కింటి జమ్ములమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఇందాకనే గదక్కా, గోడ వట్టుకొని దడి దాక నడిచిండు. ఏంది బావా అంటే, పెంటి వచ్చెసరికి ముల్లెల్లిందని చెప్పాలె, పాపం పరేషానైతుంది, జర సంబురపడ్తది అన్నడు."

పెంటమ్మ అతని పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. మడమలో ముల్లు లేదని తెలిసే మూడు నెలలు కాలిచ్చి కూర్చున్నాడు. ఊళ్లో ఆమె నవ్వుల పాలవుతుందని ఆ మాట బయట పెట్టలేదు. తన గొప్ప కోసం ఆ మడమను తవ్విపోసింది తాను. గుండె బాదుకుంటూ ఏడ్చింది.

గోనె అంచు మీద చింపిన బీడీకట్ట కాగితం ఉంది. దాని మీద, అప్పుడే దడిలోంచి విరిచిన తుమ్మముల్లు. విరిచిన చోట పచ్చి ఇంకా ఆరలేదు.