చదవలేని వాక్యం

ఆరాధన అయిపోయినా ఎవరూ లేవలేదు. రేణిగుంటలోని ఆ చిన్న మందిరంలో, సంఘపెద్దలు రాసిచ్చిన కాగితం పట్టుకుని నిర్మలమ్మ ముందుకు నడిచింది. పద్దెనిమిదేళ్లుగా ఆమె అక్కడ సండే స్కూల్ టీచరు.

మూడు వారాల కిందట క్లాసులో ఒక పిల్ల అడిగింది. "టీచర్, మా అవ్వ బాప్తిస్మం తీసుకోకుండానే సచ్చిపోయింది. నరకానికి పోయుంటాదా?"

"పోయుండదు బంగారూ. మా అమ్మ కూడా పోయుండదు. దేవుడు అంత కఠినుడు కాదు."

ఆ మాట పెద్దల చెవిన పడింది. అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి, లేదంటే సంఘంలో పేరుండదు అన్నారు. పదకొండు రోజుల్లో కూతురు మహిత పెళ్లి ఆ మందిరంలోనే. పేరు కొట్టేస్తే పెళ్లి జరిపించనని పాస్టరు జయశీల్ ముందే చెప్పాడు.

"చదవమ్మా," అన్నాడు ఆయన.

"నేను పిల్లలకు తప్పుడు బోధ చేసినాను..." మొదటి వాక్యం గొంతు దాటింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది. బాప్తిస్మం తీసుకోక, రక్షణ పొందకుండా చనిపోయిన తన తల్లి నిత్యాగ్నిలో ఉందని తాను నమ్ముతున్నట్టు రాసి ఉంది అక్కడ.

ఆమె తల్లి మునెమ్మ తిరుచానూరులో పూలమ్మేది. పదహారేళ్ల కూతురు ఏసును నమ్ముకున్నానంటే బంధువులు కొట్టబోయారు. మునెమ్మే అడ్డం పడింది. ప్రతి ఆదివారం పూలగంప పక్కామెకు అప్పగించి, కూతుర్ని మందిరం దాకా దిగబెట్టి, ప్రార్థన ముగిసేదాకా గోడ నీడన కూర్చునేది.

"ఇది నేను చదవలేను అయ్యగారూ."

"వాక్యం కంటే మీ అమ్మ ఎక్కువా?"

"నన్ను వాక్యం కాడికి తెచ్చినామె మా అమ్మే. ఆమె నరకంలో ఉండాదని నా నోటితో చెప్పను."

"పెళ్లి సంగతి ఆలోచించుకో."

నిర్మలమ్మకు మహిత వైపు చూసే ధైర్యం చాలలేదు. కాగితం బల్ల మీద పెట్టేసింది. సంఘం పుస్తకంలో తన పేరు మీద గీత పడటం కళ్లారా చూసింది.

బయట మహిత కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "చదివేసుంటే పోయేది కదమ్మా," అంది. అమ్మ కోసం ఆగకుండా ముందు నడిచింది.

సాయంత్రం గూడూరు నుంచి పెళ్లికొడుకు తల్లి ఫోను చేసింది.

"అంతా తెలిసింది వదినా. పెళ్లి మా సంఘంలో పెట్టుకుందాం, మా అయ్యగార్ని ఒప్పించినాము. ఈడికొచ్చి మాత్రం ఆ మాట ఎత్తొద్దు."

"నేనై నేను ఎత్తను. ఎవురన్నా అడిగితే మాత్రం దాచను."

"సరే, ఎవురూ అడక్కుండా నేను చూసుకుంటాలే."

ఫోను పెట్టేసరికి మహిత వచ్చి పక్కన కూర్చుంది. "నాకింకా కోపంగానే ఉండాది," అంది.

"ఉండనీలే," అంది నిర్మలమ్మ.