మేనల్లుడు చూడని సినిమా

మేనత్తకు మతి చలించిందని రుజువు చెయ్యడానికి వాయెల్ నా దగ్గరికి పట్టుకొచ్చినవన్నీ ఒక సినిమాలోని మాటలు. ఆ సంగతి అతనికి తెలియదు. అలెగ్జాండ్రియాలో అతని వయసువాళ్ళలో తెలియనివాడు అతనొక్కడేనేమో.

క్లినిక్‌లో నా బల్ల మీద ఫోను పెట్టి, చావు కబురు చెప్పడానికి వచ్చినవాడిలా ముఖం దించుకుని, రికార్డు వినిపించాడు. ముందు చెంచా గ్లాసుకు తగిలిన చప్పుడు. తర్వాత తొణక్కుండా ఒక ముసలి గొంతు: "నారింజలు తెచ్చారు, సంతోషం. కోసుకునే కత్తి మాత్రం మీ దగ్గరే ఉంచుకున్నారు."

"విన్నారుగా డాక్టర్," అన్నాడు. "మా ఇంట్లో అప్పుడు నారింజలే లేవు."

నవ్వు కనబడకుండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. ఆ మాట మా దేశంలో కూరగాయల బళ్ళ దగ్గర, కోర్టు వరండాల్లో, పెళ్ళి మాటల్లో ఎక్కడపడితే అక్కడ వినిపిస్తుంది. సగం ఇచ్చి సగం దాచుకునేవాడు ఎవడైనా కనబడితే వాడి మీదికి ఆ నారింజలే విసురుతారు. 'మంగళవారం చుట్టాలు' సినిమాలోది. పొలం కోసం అయినవాళ్ళే ఒకావిడను పిచ్చాసుపత్రిలో చేర్పించి, మంగళవారం మంగళవారం పళ్ళు పట్టుకుని చూడటానికి వస్తుంటారు. ఆ వేషం వేసిన ఇగ్లాల్ నసీమే ఈ మేనత్త.

అతను ఇంకా వినిపించాడు. పొద్దున టీ తాగుతూ ఒకటి, బాల్కనీలో ఒకటి, తలుపు దగ్గర నిలబడి మరొకటి. అన్నీ అందులోవే. 'మంగళవారం చుట్టాలు' చూశారా అని అడిగాను. "భలేవారే, ఆ సినిమా చూడనివాళ్ళుంటారా? క్లాసిక్ కదా," అన్నాడు. క్లాసిక్ అంటే చూడకుండానే పొగడటానికి దొరికే లైసెన్సు. కాసేపటికి అతనే, తన తండ్రి ఎంత పరువుగల మనిషో చెబుతూ, చెల్లెలి సినిమా టీవీలో వస్తే లేచి వెళ్ళి టీవీ కట్టేసేవాడనీ, ఆ బొమ్మలు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదనీ గర్వంగా చెప్పుకున్నాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న గోతిని అతను చూసుకోలేదు. మనిషి తనకు కావలసిందే వింటాడని మా పుస్తకాలు అంటాయి. వాయెల్ ఆ మాత్రం శ్రమ కూడా పడలేదు.

అతనికి కావలసిందేమిటో దాచుకోలేదు. స్పోర్టింగ్ పేటలో సముద్రానికి ఎదురుగా ఆవిడ ఫ్లాటు. చలికాలం మొదట్లో, తన ఇంటికి మరమ్మతులని చెప్పి, అందులో చేరాడు. మతి స్థిమితంగా లేదని నేను రాసిస్తే కోర్టు అతన్ని సంరక్షకుడిగా వేస్తుంది. ఆవిడను ఎడారి రోడ్డు మీద ఒక వృద్ధాశ్రమంలో చేర్పిస్తాడట. గాలి బాగుంటుందట. సముద్రపు గాలికంటేనా అని నేను అడగలేదు.

అవి సినిమాలో మాటలు అని అప్పుడే చెప్పి పంపించెయ్యవచ్చు. చెప్పలేదు. అతను మూర్ఖుడు అనుకోవడం నాకు హాయిగా ఉంది, అది ఒక కారణం. రెండోది అంత హాయైనది కాదు. మతి జారిపోతున్నవాళ్ళకు నిన్న తిన్నది గుర్తుండదు కానీ ఎప్పుడో బట్టీపట్టినవి పొల్లుపోకుండా నాలుక మీదికి వస్తాయి. ఆవిడ దగ్గర ఆ మాటలు తప్ప ఇంకేమీ మిగల్లేదేమో. మూర్ఖులు చెప్పేది కూడా ఒక్కోసారి నిజమవుతుంది. అందుకే, నలుగురిలో చూస్తేగాని ఏమీ రాయలేనన్నాను. ఆ గురువారం సాయంత్రం ఫిల్మ్ క్లబ్‌లో ఆ సినిమా వేసి ఆవిడను సత్కరిస్తున్నారు. వాయెల్ ఉత్సాహపడ్డాడు. అందరూ చూస్తారు, సాక్షులుంటారు అన్నాడు.

మా ఫిల్మ్ క్లబ్‌కు వచ్చేవాళ్ళలో సగంమంది రిటైరైన టీచర్లు, మిగతా సగం ప్రేమించుకోవడానికి చీకటి దొరకని విద్యార్థులు. వేదిక మీద ఎప్పుడూ ఉండేది విమర్శకుడు ఉస్తాద్ ఫిక్రీ. ఆయన దృష్టిలో సినిమాలో కనబడే ప్రతి ఆడదీ ఈజిప్టే. ఆవిడ ఏడిస్తే ఈజిప్టు ఏడ్చింది, తలుపు వేసుకుంటే ఈజిప్టు తలుపు వేసుకుంది. మా విమర్శకులకు ఇది వంశపారంపర్యంగా వస్తున్న జబ్బు. పాపం దేశం, ఒక్క సినిమాలో కూడా మామూలు ఆడదానిలా కూర్చుని బీన్స్ ఒలుచుకునే వీలు లేదు.

ముందు వరసలో ఇగ్లాల్ నసీమ్ బూడిదరంగు కోటు వేసుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిర్వాహకుడు మర్యాదకని, మక్కా యాత్ర చేసొచ్చిన పెద్దావిడను పిలిచినట్టు "హజ్జా" అని పిలిస్తే, "మక్కాకి నువ్వు టిక్కెట్టు కొన్నాక అలా పిలువు నాయనా," అంది. ఆ మాట సినిమాలోది కాదు. నాకు కొంచెం ఊపిరి ఆడింది. కానీ ఒక్క మాటను నమ్ముకోవడానికి లేదు.

లైట్లు ఆరగానే వాయెల్ లేచాడు. కారు అడ్డంగా పెట్టానని, ఎవడో హారన్ కొడుతున్నాడని చెప్పి వెళ్ళి, సినిమా అయిపోయాకనే తిరిగొచ్చాడు. అత్తను తెలుసుకోవడానికి దేవుడు ఇచ్చిన ఆఖరి అవకాశాన్ని ఆ సాయంత్రం కారు బానెట్‌కు ఆనుకుని సిగరెట్లు కాలుస్తూ గడిపాడు.

చర్చకు ఇగ్లాల్‌ను వేదిక మీదికి పిలిచి కూర్చోబెట్టారు. ఉస్తాద్ ఫిక్రీ చాలాసేపు మాట్లాడాడు. ఆసుపత్రి అంటే దేశమట, నర్సు అంటే పరాయి పెత్తనమట. తర్వాత సభలోంచి ఒక అమ్మాయి లేచి, ఈ మధ్య ఎలా ఉన్నారు మదామ్ అని అడిగింది. ఇగ్లాల్ తల పక్కకు వంచి, కిటికీ లేనిచోట కిటికీ ఉన్నట్టు చూసింది.

"నర్సమ్మా, చుట్టాలు వెళ్ళిపోయారా?"

వాయెల్ మోచేత్తో నన్ను పొడిచాడు. "చూశారా? నర్సు ఎక్కడుంది ఇక్కడ?" అని గుసగుసలాడుతూ ఫోను తీసి రికార్డు మొదలుపెట్టాడు.

సభంతా ఒక్క గొంతుతో సినిమాలోని తర్వాతి మాట అందుకుంది: "అయితే ఇక నాకు నయమైపోయింది." రిటైరైన టీచర్లు, విద్యార్థులు, టీ తెచ్చినవాడు, అందరూ. తర్వాత చప్పట్లు.

వాయెల్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అతని ముఖంలో ఒక్కొక్కటిగా దిగుతున్నాయి, నారింజలు, కత్తి, బాల్కనీ, తలుపు. తాను ఒక డాక్టరుకు, బహుశా ఒక వకీలుకు కూడా, దేశమంతటికీ కంఠతా వచ్చిన మాటల్ని పిచ్చికి సాక్ష్యంగా వినిపించాడు. వేదిక మీద నుంచి ఆవిడ అతన్నే చూస్తోంది. ఆ చూపులో నాకు గెలుపు కనబడలేదు. చెవి దగ్గర పెట్టుకున్న రిసీవరులో అవతలివాడు పెట్టేశాడని తెలిసినప్పటి ముఖం అది.

ఉస్తాద్ ఫిక్రీ మైకు లాక్కుని, చూశారా, ఈ స్త్రీ ఇవాళ్టికీ ఈజిప్టే అన్నాడు.

"నేను ఈజిప్టుని కాను ఉస్తాద్," అంది ఇగ్లాల్. "నాకు స్పోర్టింగ్‌లో రెండు గదులు, బాల్కనీ ఉన్నాయి. అవి నా పేరు మీదే ఉన్నాయి. ఈజిప్టు సంగతి మీరే చూసుకోండి."

జనం పగలబడి నవ్వారు. నా అనుమానం అక్కడితో తీరింది. మతి జారిన మనిషి పాత మాటలు అప్పగించగలదు. ఎదుటివాడి గొప్పను కొలిచి, సరిగ్గా దానికి సరిపడే ముల్లు అప్పటికప్పుడు చెక్కడం ఆ మనిషి వల్ల కాదు.

చర్చ ముగిశాక వరండాలో టీ ఇచ్చారు. ఇగ్లాల్ సత్కారంలో ఇచ్చిన పళ్ళేన్ని కుర్చీలో పడేసి నా దగ్గరికి వచ్చింది. నేనెవరో ఆమెకు తెలుసు. మేనల్లుడు నా క్లినిక్ చీటీ వంటగది బల్ల మీదే వదిలేశాడట.

చలికాలమంతా పొద్దున్నే సినిమాలోని ఒక మాట అతని ముందు వేసేదాన్నని చెప్పింది. అన్నకు సిగ్గు, సరే. ఆయన పోయాడు. ఈ పిల్లవాడైనా, ఎక్కడో ఒక కాఫీ హోటల్లోనో స్నేహితుడి ఇంట్లోనో, ఒక్కసారి చూసి ఉంటాడు అనుకుందట.

"వాడు ఒక్కసారి నవ్వి, 'అత్తా, ఇది నీ సినిమాలోది కదూ' అని ఉంటే, ఇల్లు వాడి పేర రాసేసేదాన్ని డాక్టర్. కాగితాలు కూడా తయారుగా ఉన్నాయి. నాకెవరున్నారు?" అంది. "వాడు ఫోను తీశాడు. నేను సంతోషపడ్డాను కూడా. స్నేహితులకి వినిపించుకుంటాడు కాబోలు అనుకున్నాను."

అంతలో వాయెల్ వచ్చాడు. దెబ్బ తగిలిన మనిషి నేలమీద ఎక్కువసేపు ఉండడు, ముఖ్యంగా ఇల్లు సముద్రానికి ఎదురుగా ఉన్నప్పుడు. అతను అప్పటికే లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"డాక్టర్, నాకు తట్టింది," అన్నాడు, ఆవిడ అక్కడ లేనట్టే. "ఇన్నేళ్ళైనా వేషంలోంచి బయటికి రాలేకపోవడం. దానికి ఏదో పేరుంటుంది కదా?"

"ఉంది," అన్నాను. "వృత్తి."

ఇగ్లాల్ నవ్వలేదు. చెయ్యి చాపి, "తాళం చెవి ఇవ్వు," అంది. అతను, అత్తా నీకు అర్థం కాలేదు, ఈ రాత్రే సినిమా మొత్తం చూస్తాను అన్నాడు.

"చూడు. నీ ఇంట్లో చూడు. నా ఇంట్లో కాదు."

ఆమె చెయ్యి అలాగే చాపి ఉంచింది. అతను గుత్తిలోంచి తాళం చెవిని విడదీయడానికి తంటాలు పడ్డాడు. గోరు విరిగింది. చివరికి తాళం చెవిని ఆమె అరచేతిలో వేసి, వెళ్తూ నాతో మాత్రం, చాలా మర్యాదగా, ఫీజు విషయం తర్వాత మాట్లాడదాం డాక్టర్ గారూ అన్నాడు.

అతను మెట్లు దిగేదాకా ఆమె చూస్తూ ఉంది. తర్వాత, "వీడు ఇంకో డాక్టర్ని చూసుకుంటాడు. ఈ ఊళ్ళో నా సినిమా చూడని డాక్టర్లు ఉన్నారా?" అని అడిగింది.

అబద్ధం చెప్పాలనిపించింది. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టర్లు కళ్ళ ముందు మెదిలారు. తెలివైనవాళ్ళు, నారింజల మాట విసిరితే నారింజల కోసం వెతికేవాళ్ళు.

"ఏటేటా పెరుగుతున్నారు మదామ్," అన్నాను. మీ మతి నిక్షేపంగా ఉందని నేనే రాసిస్తాను, రేపు క్లినిక్‌కు రండి అని చెప్పాను.

ఆమె పక్కనున్న బల్ల మీది టీ కప్పుల్ని ఒక వారకు జరిపి, తడి తుడిచి, నాకు కుర్చీ లాగింది.

"రేపటిదాకా ఎందుకు? కూర్చోండి. ఇప్పుడే రాయండి."